అప్‌డేటోళ్లు

మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సుకుమార్‌నీ, అతని స్నేహితుడు ప్రేమ్‌చంద్‌నీ చుట్టుపక్కల ఊళ్లలో అప్‌డేటోళ్లు అనేవారు. అప్పట్లో ఊళ్లకు నెట్ ఎక్కడిది? ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను బడుల్లో, చర్చిల్లో పెట్టి రావడం వాళ్లకు పిచ్చి. పెట్టి వదిలేస్తే పాతబడి మొరాయిస్తుంది కదా. అందుకని రెండో శనివారం వచ్చిందంటే చేవెళ్ల నెట్ సెంటర్‌లో కూర్చుని కొత్త మార్పులన్నీ సీడీల్లోకి ఎక్కించుకునేవారు. ఆ సీడీలు సంచిలో వేసుకుని, ప్రేమ్‌చంద్ వాళ్ల బాపు బండి మీద ఆ చుట్టుపక్కలే ఉన్న ప్రొద్దుటూరు దాకా తిరిగేవారు. రూపాయి వచ్చేది కాదు గానీ జొన్నరొట్టెకు మాత్రం కొదవ లేదు. సుకుమార్ జీవితంలో అంతకన్నా మంచి రోజులు మళ్లీ రాలేదు.

ఇప్పుడు అతను చందనవెల్లి డేటా సెంటర్‌లో ఉద్యోగి. అక్కడి మిషన్లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. వాటి దగ్గరికి వెళ్లినా రొట్టె తిని పొమ్మనేవాళ్లు లేరు. ప్రేమ్‌చంద్ కరోనాలో పోయాడు. ఇద్దరూ కలిసి పెట్టినవాటిలో ఒక్క సురంగల్ చర్చి కంప్యూటరే మిగిలింది. ఆరాధనలో పాటల్ని గోడ మీద చూపించేది అదే.

ఆ పాటల ప్రోగ్రామ్ ఎక్కడో విదేశాల్లో తయారైంది. మొదటి మాట కొడితే పాట వస్తుంది. మన సంఘాల్లో పాటకు పేరెవరు చెబుతారు? పాస్టరుగారు నూట పన్నెండు అంటే చాలు, ముసలివాళ్లు సైతం పాట ఎత్తుకుంటారు. అందుకే పాటల పుస్తకంలోని నంబరు కొడితే పాట వచ్చేలా ప్రేమ్‌చంద్ ఆ ప్రోగ్రామ్‌ను మార్చాడు. అతను పోయాక ఒకసారి ఎవరో తెలియక అప్‌డేట్ నొక్కారు. ఆ మార్పు కొట్టుకుపోయింది. ఆ వారమే శాంతయ్య తాత చనిపోతే పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నంబరు చెప్పారు, అది కొడితే ప్రోగ్రామ్ సొంత వరుసలోని పెళ్లిపాట గోడ మీద ప్రత్యక్షమైంది. సుకుమార్ పరుగెత్తుకొచ్చి పాతది మళ్లీ పెట్టాడు. ఆ సాయంత్రమే ప్రేమ్‌చంద్ తల్లి ధనమ్మ నెట్ వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేసింది. చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి.

ఇప్పుడా పాత ప్రోగ్రామ్ ఆరాధన మధ్యలో ఆగిపోతోంది. తయారు చేసినవాళ్లు కొత్త వెర్షన్లనే చూసుకుంటూ, ఆ పాతదాన్ని బాగుచేయడం ఎప్పుడో మానేశారు. ఇలాగైతే దాన్ని తీసేసి వేరేది కొనేద్దామని పాస్టరుగారు తేల్చేశారు. అప్‌డేట్ చేసినా, చేయకపోయినా ప్రేమ్‌చంద్ పని పోవడం ఖాయం. చర్చిలో జరిగే కోత పండుగకు ముందు సుకుమార్ వెళ్లి, అప్‌డేట్ చేద్దామని ధనమ్మకు నచ్చజెప్పబోయాడు.

“నా కొడుకు చేసిన పనిని నీ చేతులతోని తుడుస్తవా, బిడ్డా?” అంది ధనమ్మ.

సుకుమార్ బండి తీశాడు. కొత్తదానిలో ఆ మార్పు మళ్లీ తనే పెట్టగలడు. కానీ వచ్చే అప్‌డేట్‌కు అదీ పోతుంది. ఎన్నిసార్లని అతుకులు వేస్తాడు? తిరిగి వస్తుంటే దారిలో ఒక సంగతి తట్టి బండి ఆపేశాడు. ఎవరెవరో ఎక్కడెక్కడో చేసిన మార్పుల్ని ఇన్ని ఊళ్లకు మోసుకొచ్చారు తామిద్దరూ. మార్పు పంపితే తయారు చేసేవాళ్లు ప్రోగ్రామ్‌లోనే కలుపుకుంటారు, ఇక ఏ అప్‌డేట్‌కూ పోదు. కానీ ఈ ఊళ్ల నుంచి ఒక్క మార్పు కూడా అటు పంపలేదు. తనకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ప్రేమ్‌గాడు పక్కన ఉంటే వీపు మీద ఒక్కటి చరిచేవాడు.

ఆ ఆదివారం ప్రేమ్‌చంద్ రాసినదాన్ని కొత్త ప్రోగ్రామ్‌కు సరిపడేలా సర్ది, రాసినవాడిగా అతని పేరే పెట్టి, తయారు చేసేవాళ్లకు పంపాడు. నంబర్లతో పాడడమేమిటని వాళ్లు అడిగారు. ఓపిగ్గా చెప్పాడు. రాసినాయనే జవాబివ్వాలని వాళ్లలో ఒకాయన పట్టుబట్టాడు. రాసినవాడు ఇప్పుడు లేడనీ, ఇకపై దాని బాగోగులు తను చూసుకుంటాననీ సుకుమార్ రాశాడు. రాసి, చాలాసేపు ఏడ్చాడు.

కోత పండుగ పాతదానితోనే కుంటుతూ గడిచింది. పాస్టరుగారిని బతిమాలి ఇంకొంత గడువు తీసుకున్నాడు. చివరికి కొత్త వెర్షన్ వచ్చింది, అందులో ప్రేమ్‌చంద్ మార్పు ఉంది. సుకుమార్ చెప్పిందంతా విని ధనమ్మ బీరువా తెరిచి వైరు తీసింది.

“ఇది మనొక్క చర్చికేనా?”

“కాదవ్వ. ఇది వాడేటోళ్లు ఏడున్నా సరే, అప్‌డేట్ చేసుకుంటే వాళ్ల తాన గూడ మన ప్రేమ్ పని ఉంటది.”

అప్‌డేట్ ఆమే నొక్కింది. పని అయ్యేదాకా కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత తనకిష్టమైన పాట నంబరు కొట్టింది. పాట గోడ మీదికి వచ్చింది. అయినా ఆమె ముఖంలో భయం పోలేదు.

“మల్ల చేస్తె పోతదా?”

“పోదవ్వ.”

“అయితే ఇంకోపారి చెయ్యి. చూస్త.”

అవసరం లేదని సుకుమార్ వాదించలేదు. ఉన్నది తీసేసి, మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాడు. ధనమ్మ అదే నంబరు కొట్టింది. పాట వచ్చింది.

“ఉన్నడు,” అంది ధనమ్మ.