నూట అరవై దాకా

వార్డు సిస్టర్‌కి తనదైన పద్ధతి ఒకటుంది. బీపీ చూడ్డానికి ఎవరి చేతికి పట్టీ చుట్టినా రబ్బరు బల్బు నొక్కుతూ నూట అరవై దాకా గాలి కొట్టడం, మెల్లగా వదలడం, చప్పుడు ఎక్కడ వినబడితే ఆ అంకె రాసుకోవడం. ముప్ఫై మంచాలు, గంట టైము. ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదని ఆవిడ ధీమా. తప్పిందని ఎవరూ ఆవిడతో అనలేదు, అంతే.

ట్రైనింగ్‌కి వచ్చిన అమ్మాయి అలా కాదు. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటుంది. గాలి కొడుతూ, నాడి ఏ అంకె దగ్గర ఆగిందో చూసుకుంటుంది. గాలంతా తీసేసి, కాసేపాగి, ఈసారి ఆ అంకెకి ముప్ఫై పైదాకా కొట్టి అప్పుడు స్టెతస్కోపు ఆనిస్తుంది. పుస్తకంలో అలాగే ఉంది మరి. సిస్టర్ ఆ పిల్లకి నత్తమ్మ అని పేరు పెట్టింది. పుస్తకాలు రాసేవాళ్లకి ముప్ఫై మంచాలు అప్పగిస్తే తెలిసొచ్చేది!

ఆ ఉదయం పదకొండో మంచం మీద ఉన్నది, బీపీ ఎక్కువై చేరిన సిస్టర్ సొంత అక్క. అమ్మ పోయాక జడేసి, బళ్లో దింపి, తను చదువు మానేసి చెల్లెల్ని నర్సుని చేసిన మనిషి.

"తల పగిలిపోతోందే," అంది అక్క.

"నీకెప్పుడూ ఏదో ఒకటి. చెయ్యివ్వు." నూట అరవై దాకా కొట్టింది. నూట నలభై ఆరు దగ్గర చప్పుడు మొదలైంది. "మందు పనిచేస్తోంది. పడుకో. నత్తమ్మా, నూట నలభై ఆరు, తొంభై ఆరు, చార్టులో రాయి."

రాసే ముందు ఆ పిల్ల అలవాటుకొద్దీ నాడి పట్టుకుంది. తన పద్ధతిలో గాలి కొట్టి రెండుసార్లు చూసింది.

"సిస్టర్, పైది రెండొందల పద్నాలుగు. మధ్యలో కాసేపు చప్పుడు ఆగిపోయి మళ్లీ వస్తోంది. మీరు ఆ ఖాళీలో మొదలుపెట్టారేమో. డాక్టరుగారిని పిలుద్దామా?"

చుట్టూ మంచాలవాళ్లంతా వింటున్నారు. సిస్టర్‌కి ఒళ్లు మండిపోయింది. "నువ్వు పాలు తాగే రోజుల నుంచీ చూస్తున్నాను బీపీలు. నాకే చెప్పొచ్చావా? చెప్పింది రాసి సంతకం పెట్టు."

పిల్ల కళ్లు తుడుచుకుని రాసింది, సంతకం పెట్టింది.

"పోనీ ఇంకోసారి చూడవే," అంది అక్క.

"నా మాట మీద నీకూ నమ్మకం లేదా?"

అక్క అటు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం నీళ్ల గ్లాసు అందుకోబోతుంటే అక్క కుడిచెయ్యి వాలిపోయింది. మాట కూడా పడిపోయింది. డాక్టరు పరుగున వచ్చి బీపీ చూసి, రెండొందలు దాటిందని ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్‌కి రాసి, చార్టు తిరగేశాడు. "పొద్దున్న నూట నలభై ఆరా? ఎవరు చూశారు?"

సంతకం నత్తమ్మది. పిల్ల సిస్టర్ వంక చూసింది. నేనే సార్, అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇరవై రెండేళ్ల పరువు దాన్ని వెనక్కి లాగింది.

"కొత్త పిల్ల సార్. నేను ఓ కన్నేసి ఉంచాల్సింది," అంది సిస్టర్.

ఆ గంటలోనే పిల్లని ఇంటికి పంపేశారు. వెళ్తూ వెళ్తూ చార్టు సర్ది మంచానికి తగిలించింది. నాలుగు తిట్టినా సిస్టర్‌కి కాస్త తేలికయ్యేది.

"ఇక మీరే చూడండి సిస్టర్, మీరైతే నాకు బెంగ లేదు," అని డాక్టరు కదిలాడు.

సిస్టర్ అక్క ఎడమచేతికి పట్టీ చుట్టింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ముందు నాడి పట్టుకుంది. అక్క ఆ చెయ్యి లాక్కుంది. కదిలే చెయ్యి అదొక్కటే మిగిలింది. దాన్నెత్తి, పిల్ల వెళ్లిపోయిన తలుపు వైపు చూపించింది.