తొమ్మిదిమంది అయినాక పిలువు

కొనకనమిట్ల అవతల ఒక పల్లె ఉండాది. ఆ పల్లెకు కరోనా సూది వచ్చిన పొద్దు అన్నమ్మ పరిగెత్తిన పరుగు గురించి ఆడ ఇప్పటికీ చెప్పుకుంటారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ పొద్దు ఆమెను అందుకునేటోడే లేకపోయినాడు.

పరిగెత్తింది మొగుడు వరప్రసాదం కోసరం. వరప్రసాదం మార్కాపురం పక్కన పలకల గనిలో ముప్పై ఏళ్ళు రాయి చీల్చినాడు. పిల్లోళ్ళు రాసుకునే పలకలు ఉంటాయే, ఆ రాయి. ఆ దుమ్మంతా పోయి ఆయన రొమ్ములో కూర్చుంది. పది అడుగులేస్తే ఒకసారి నిలబడాల, గోడ పట్టుకోవాల. మార్కాపురంలో డాక్టరు ఎక్స్‌రే తీసి చూసి, "పెద్దాయనా, నీకు గనక కరోనా తగిలితే ఈ రొమ్ము రెండు దినాలు కూడా ఓర్చుకోదు. ముందు సూది వేయించుకో" అని చెప్పినాడు. అది చెప్పిన వారానికే, ఈయనతో పాటు రాయి చీల్చినాయన ఒకడు పక్కూళ్ళో ఊపిరాడక, ఆటోలో తీసకపోతా ఉంటే దారిలోనే పోయినాడు. ఆ పొద్దు నుంచి అన్నమ్మకు కంటి మీద కునుకు లేదు.

సూది కోసం రెండు సార్లు మార్కాపురం పోయినారు. ఒకసారి టోకెన్లు అయిపోయినాయన్నారు. ఇంకోసారి మందే రాలేదన్నారు. అట్లాంటిది నర్సమ్మ బడి దగ్గరికే వస్తాదని తెలిసేసరికి, అన్నమ్మ పొద్దున్నే మొగునికి నీళ్ళు పోసి, ఉతికిన చొక్కా తొడిగి, ఆధార్ కార్డు జేబులో పెట్టి బడికాడ కూర్చోబెట్టింది.

నర్సమ్మ పేరు విజయలక్ష్మి. మహబూబ్ బాషా ఆటోలో, ఒళ్ళో ఐసు పెట్టె పెట్టుకొని మార్కాపురం నుంచి వచ్చి దిగింది. పదకొండైంది. పన్నెండైంది. ఒంటిగంట కూడా అయింది. బడి వరండాలో వరప్రసాదం, అన్నమ్మ. అంతే! ఊరు ఊరంతా తలుపులేసుకుంది.

"మా ఇద్దరికన్నా వేసెయ్యి తల్లీ" అనింది అన్నమ్మ.

"వెయ్యగూడదక్కా. ఒక సీసాలో పదిమందికి మందుంటాది. మూత తీసినాక నాలుగు గంటల్లో వేసెయ్యాల, మిగిలింది పారబోయాల. మీ ఇద్దరి కోసం తీసి ఎనిమిదిమంది మందు నేలపాలు చేస్తే నన్ను నిలబెట్టి అడుగుతారు. మూడింటి దాకా ఉంటా. పదిమంది కూర్చుంటే తీస్తా. లేకుంటే ఈ సీసా ఇంకో ఊరికి పోతాది."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"నాకే తెలీదక్కా. ఇదొక్కటి దొరికేదే కష్టమైంది."

అన్నమ్మ కొంగు బిగించి లేచింది.

మొదట మరిది తిమోతి దగ్గరికి పోయింది. పశువుల కొట్టంలో మంచమేసుకొని పండుకోనుండాడు. "నాకు భయమేంది వదినా! ముందు తొమ్మిదిమందిని చూడు. తొమ్మిదిమంది అయినాక పిలువు, పదోవాణ్ణి నేనొస్తా" అన్నాడు. సంతోషమేసింది ఆమెకు. అంగడి రాఘవమ్మ దగ్గరికి పోతే, "తొమ్మిదిమంది అయినాక ఒక కేకెయ్యమ్మీ, అంగడి మూసి వస్తా" అనింది. చెంచులక్ష్మీ, ఆమె మొగుడూ ఉపాధి హామీ కరువు పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటాన్నారు. వాళ్ళదీ అదే మాట. చర్చి సంఘం పెద్ద విశ్వాసం, ఆయన భార్య, ఆఖరికి పోలేరమ్మవ్వ, ఎవర్నడిగినా అదే మాట. తొమ్మిదిమంది అయినాక పిలువు!

అన్నమ్మ రొప్పుతా బడికొచ్చింది.

"ఎంతమందొస్తాన్నారక్కా?" అనడిగింది నర్సమ్మ.

"ఏడుమంది. అందరూ పదోవాళ్ళే!"

ఆటోకు ఆనుకొని నిలబడిన బాషా ఒకటే నవ్వు. కడుపు పట్టుకొని నవ్వినాడు. అన్నమ్మ కళ్ళెర్రజేసి చూసింది. గడియారం చూస్తే రెండు దాటింది.

"పోదాం పదవే," అన్నాడు వరప్రసాదం, గోడ పట్టుకొని లేస్తా. "అంతే మన..." ఊపిరి తీసుకున్నాడు. "...మన రాత."

"కూర్చో!" అని గదమాయించింది అన్నమ్మ. అనేసి, బాషా పక్కకు తిరిగింది. నవ్వేవాడి మొహం చూస్తాంటే ఆమెకు తళుక్కున ఒక ఆలోచన తట్టింది.

"బాషా, ఆటో తియ్యి!"

"యాడికక్కా?"

"పదోవాళ్ళను ఎక్కించుకొచ్చేదానికి!"

ఆటో దుమ్ము లేపుకుంటా పోయి తిమోతి కొట్టం ముందర ఆగింది. "తిమోతీ! లెయ్ లెయ్! తొమ్మిదిమంది అయినారు, నీ కోసమే సీసా తియ్యకుండా కూర్చోనుండారు!"

తిమోతి దిగ్గున లేచినాడు. "అదిగాదు వదినా, సూది వేసుకుంటే నెల్లాళ్ళు మందు ముట్టుకోగూడదంట గదా?"

"లాక్‌డౌన్‌లో నెలన్నర దొరకలేదే, అప్పుడు చచ్చినావా? నువ్వు రాకుంటే తొమ్మిదిమంది ఉసురు నీకే తగులుతాది, ఎక్కు!"

లుంగీ ఎగ్గట్టుకొని ఎక్కినాడు. రాఘవమ్మ అంగడి కాడ ఆపితే, ఆమె తలుపు సగం మూసి పరిగెత్తుకొచ్చి తిమోతి పక్కన కూర్చుంది.

"నువ్వేందత్తా ఎక్కినావు?" అన్నాడు తిమోతి.

"నేను లేకుంటే సీసా తియ్యరంట రా. పదోదాన్ని."

"నువ్వు పదోదానివైతే మరి నేనెవర్ని?"

అన్నమ్మ నోరు తెరిచేలోపలే ముందునుంచి బాషా అందుకున్నాడు. "ఒకరు స్టెప్నీ! యాడన్నా ఒక టైరు దిగిపోతే ఉండాల గదా!" ఆ మాటకు అన్నమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చినాయి.

"నేను స్టెప్నీ కాదు," అనింది రాఘవమ్మ మూతి తిప్పుకుంటా. "వీడే స్టెప్నీ."

చెంచులక్ష్మీ, ఆమె మొగుడూ ఎక్కినారు. పోలేరమ్మవ్వ మాత్రం గాదె ఎనక దాక్కుంది. అన్నమ్మ పోయి చెయ్యి పట్టుకుంటే, "నేను రానే! ముక్కులో పుల్ల పెడతారు. కరోనా ఉండాదంటారు, ఇంటి చుట్టూ ముళ్ళకంప కొట్టి నన్ను బండెక్కించుకొని పోతారు. పోయినోళ్ళు తిరిగొస్తారో రారో!" అని గోల.

"అది పరీక్ష అవ్వా. ఇది పుల్ల కాదు, సూది!"

"సూదేనా?" అవ్వ తల బయటకు పెట్టింది. "ముందే చెప్పకూడదూ? సూదికి నాకేం భయం!"

ఇంక విశ్వాసం. ఆయన చర్చి గడపలోనే నిలబడి చేతులు అడ్డం పెట్టినాడు. "అన్నమ్మా, నేను ఆలోచించినా. అది సూది కాదు. ఆరు ఆరు ఆరు, బైబిల్లో చెప్పిన అంత్యదినాల సైతాను ముద్ర. ఫోన్లో వచ్చింది. ఒకసారి ఎక్కిందంటే మన పేరు పరలోకంలో ఉండదు."

అన్నమ్మ అడిగింది, "మావా, ఆ ముద్ర యాడ వేస్తారని నువ్వే గదా ఆదివారం ఆదివారం చెప్పేది?"

"కుడి చేతి మీద. లేకుంటే నుదుటి మీద."

"నర్సమ్మ వేసేది ఎడమ చేతికి!"

విశ్వాసం తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. కుడి చెయ్యి చూసుకున్నాడు. ఈ లోపల ఆయన భార్య చెప్పులేసుకొని ఆటోలో కూర్చోనే కూర్చుంది. "వస్తే రండి, లేకుంటే లేదు" అని ఆటోలోనుంచే అరిచింది. విశ్వాసం చర్చికి తాళమేసి వచ్చి, డ్రైవరు సీటు అంచున ఒక పక్క వేలాడినాడు.

బడి ముందర దిగినారు ఏడుమందీ. వరండాలో వరప్రసాదం ఒక్కడే గోడకానుకొని ఉండాడు.

"తొమ్మిదిమంది యాడ?" అన్నాడు తిమోతి.

అన్నమ్మ ఏడుమందినీ వేలితో చూపించి, తర్వాత తమ ఇద్దరినీ చూపించింది. "మీరే."

ఇంక చూడండి గోల! "మోసం!" అని తిమోతి, "అంగడి మూసి వచ్చినానే!" అని రాఘవమ్మ, చెంచులక్ష్మి మొగుడైతే అప్పుడే గేటు దాకా పోయినాడు. అన్నమ్మ పరిగెత్తి గేటుకు అడ్డం నిలబడింది. "పోండి! నన్ను తొక్కి పోండి! మీకు భయం, నాకు లేదా? ఆయన ఊపిరి మీద నా ప్రాణముండాది. ఏం చెయ్యమంటారు నన్ను!"

అందరూ ఆగినారు. వరప్రసాదం చెయ్యెత్తినాడు. "తిమోతీ... పోతే పో. కూర్చుంటే..." ఊపిరి. "...కూర్చో. అట్ల ఎగరొద్దు రా, దుమ్ము లేస్తాంది."

తిమోతి అన్న మొహం చూసినాడు. చూసి, పోయి ఆయన పక్కనే నేల మీద కూలబడినాడు.

"ఆటోలో ఎగిరెగిరి నా నడుం ఇరిగింది," అనింది పోలేరమ్మవ్వ. "ఊరికే మళ్ళీ పోతానా? వేయించుకొనే పోతా." అవ్వ కూర్చుంటే ఒకరెనక ఒకరు కూర్చున్నారు.

నర్సమ్మ గబగబా పేర్లు రాసుకుంది. "ఎనిమిది... తొమ్మిది. పదోవారేరీ?"

రెండూ నలభై ఐదు.

తొమ్మిది తలకాయలూ ఒక్కసారే ఆటో పక్కకు తిరిగినాయి. బాషా నవ్వు ఆరిపోయింది.

"నేనా? నాకు నలభై రెండే! నలభై ఐదు దాటిన వాళ్ళకే గదా!"

"లైసెన్సు చూపించు," అన్నాడు విశ్వాసం.

"ఇంట్లో ఉండాది." అంటానే బాషా ఆటో పక్కకు జరిగినాడు. తిమోతి ఎనకనుంచి వచ్చి కమ్మీ పట్టుకున్నాడు. రాఘవమ్మ ముందర నిలబడింది. "మమ్మల్ని స్టెప్నీ అంటివే! ఇప్పుడు దిగు!"

"నాకైతే ఏం లేదత్తా, మా ఆవిడ ఒప్పుకోదు. కావాలంటే మీరే వినండి!" అని ఫోన్ తీసి స్పీకర్ పెట్టినాడు. పెళ్ళాం అజీజున్నీసా కాదంటాదని వాని ధైర్యం.

"క్యా జీ?" అనింది ఫోన్లో.

"ఈడ నన్ను పట్టుకొని సూది వేస్తామంటాన్నారు. నాకింకా నలభై రెండే అని చెప్పు!"

"నలభై రెండా! మన నవాజ్ పది పాసైనప్పుడు కూడా అదే చెప్పినావు! నలభై ఆరు వచ్చె నీకు! రోజూ ఎంతమందినో ఎక్కించుకొని ఇంటికొస్తాండావు. నేను పోయిన వారమే వేయించుకున్నా. అరుస్తావని చెప్పలే. వేయించుకోకుంటే ఇంటికి రావద్దు, ఆటోలోనే పండుకో!"

ఫోన్ కట్టయింది. బాషా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సూదంటే నాకు చిన్నప్పట్నుంచి..." అని గొణిగినాడు. పోలేరమ్మవ్వ వాని చెయ్యి పట్టుకొని, "రా నాయనా, నా పక్కన కూర్చో. కళ్ళు మూసుకో" అని లాక్కపోయింది.

రెండూ యాభై ఎనిమిదికి నర్సమ్మ సీసా తీసింది! అన్నమ్మ మొగుణ్ణి ముందుకు తోసింది. సూది ఎడమ చేతికి దిగింది. విశ్వాసం వంగి మరీ చూసినాడు, ఏ చేతికి వేసిందా అని.

తర్వాత అరగంట కూర్చోవాలంట. పదిమందికీ సూది పడింది గాని, ఎవరూ తమ చెయ్యి చూసుకోలేదు. అందరి కళ్ళూ వరప్రసాదం మీదే. ఈయనకు ఏమీ కాకుంటే తమకూ ఏమీ కాదని. ఆయన దగ్గినాడు. అందరూ లేచి నిలబడినారు!

"దుమ్మే రా," అన్నాడు వరప్రసాదం. "పాత దుమ్మే."

కూర్చున్నారు. ఇరవై నిమిషాలైంది. ఇరవై ఐదైంది. అరగంట కూడా నిండింది. "అయిపోయింది, ఇంక పోవచ్చు" అనింది నర్సమ్మ. వరప్రసాదం గోడ పట్టుకొని మెల్లిగా లేచినాడు. "ఆకలైతాంది" అన్నాడు. ఆ మాటకు వరండా అంతా ఎగిరి గంతేసింది. తిమోతి ఈల కొట్టినాడు.

అన్నమ్మ లేచి మెట్లు దిగబోయింది. వరప్రసాదం ఆమె కాళ్ళ పక్క చూసి, "నీ చెప్పులేవే?" అనడిగినాడు.

చూసుకుంది. రెండు కాళ్ళూ దుమ్ము కొట్టుకోనుండాయి, ఒక మడమకు ముల్లు గుచ్చుకోనుంది. కొట్టంలో వదిలిందో, గాదె కాడ వదిలిందో, ఆటోలోనుంచి జారిపోయినాయో ఏమీ తెలీదు.

"యాడ పోయినాయో ఏమో!" అనింది. అని, మెట్ల మీదే కూర్చోని పకపకా నవ్వింది.