ఖాళీ అనుకున్న భాగం

రెబెకా బడిలో పాఠాలు ముగించుకుని వచ్చేసరికి భర్త ప్రేమ్‌చంద్ కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరుసలున్నాయి.

"గ్రబ్ రెస్క్యూ అంటున్నది," అన్నాడు. "రెస్క్యూ అంటే కాపాడుడే గద. కాపాడ్తదేమోనని చూస్తున్న."

"ఎంతసేపటి సంది?"

"పొద్దటి సంది."

ఆ కంప్యూటర్లో దాన్ని నడిపే వ్యవస్థలు రెండున్నాయి. పెళ్లి వీడియోలు తీసే ప్రేమ్‌చంద్‌ది విండోస్. రెబెకాది లినక్స్. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది గ్రబ్. అది ఇప్పుడు ఏమీ అడగడం లేదు.

"ఏమన్న తీసేసినవా?"

"హుస్నాబాద్ పెళ్లి ఎక్కిస్తుంటే జాగ సాలలే. డిస్కుల పేరు లేని భాగమొకటి ఖాళీగ కనవడ్డది. తీసేసిన."

"ఖాళీగున్నదని ఎవరన్నరు?"

"విండోసే అన్నది."

లినక్స్ భాగాన్ని చదవడం విండోస్‌కు చేతకాదు. చేతకానిదాన్ని ఖాళీ అని చెప్పింది. రెబెకా మంచం అంచున కూర్చుంది. అత్త ఆనందమ్మ పాటలన్నీ అందులోనే ఉన్నాయి. మంచిర్యాల మెథడిస్ట్ చర్చిలో తన పెళ్లికి ముందు నుంచీ పాడిన మనిషి ఆమె. గొంతు ఆపరేషన్ తర్వాత గుసగుస తప్ప రావడం లేదు. ఆపరేషన్‌కు ముందు రెబెకా ఆమెను కూర్చోబెట్టి పాడించి రికార్డు చేసింది. ఇంకోచోట కూడా దాచాలని అనుకుంటూనే ఉంది.

ఆమె లేచి మీటలు నొక్కి, గ్రబ్‌ను దాటేసి విండోస్ తెరిచి, తీసేసిన భాగంలో ఇంకా ఏమీ ఎక్కలేదని చూసుకుంది. ప్రేమ్‌చంద్ ముఖం వెలిగింది. మౌస్ మీదికి చెయ్యి పోయింది.

"ముట్టకు. దాని మీద ఏదన్న ఎక్కితే పాటలు మళ్ల దొరకయి."

"పెళ్లోళ్లు పరేషాన్ చేస్తుండ్రు."

"చెయ్యనియ్యి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెబెకా లినక్స్ ఎక్కించిన పాత పెన్‌డ్రైవ్ వెతికి పెట్టి, దాని నుంచే కంప్యూటర్ నడిపింది. పోయిన భాగాలను వెతికే ప్రోగ్రామ్ తెరిచింది. అతను తీసేసింది హద్దురాళ్లనే. పాటలున్న పొలం ఇంకా అక్కడే ఉండాలి. వెతుకులాట నెమ్మదిగా సాగింది.

ఆనందమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఏమైంది, బిడ్డా?"

"నీ పాటలు కనవడ్తలేవు, అత్తమ్మా."

"ఎవలు తీసిండ్రు?"

ప్రేమ్‌చంద్ గోడకేసి చూశాడు. "నేనే, అవ్వా."

"పోతె పోనియ్యి. నేనున్న గద," అంది గుసగుసగా.

చివరికి తెర మీద ఒక వరుస వచ్చింది. రెబెకా తెరిచి చూస్తే పాటల పేర్లు కనబడ్డాయి. హద్దులు మళ్లీ రాయమని చెప్పే మీట మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. నొక్కింది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే గ్రబ్ ఎప్పటిలాగే ఏది కావాలని అడిగింది. ఆమె తనది ఎంచుకుని ఒక పాట పెట్టింది.

గది నిండా ఆనందమ్మ గొంతు. ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఎందుకో అతనికే తెలియదు. ఆనందమ్మ తలవంచుకుని చివరిదాకా విన్నది.

"రెండో చరణంల శ్రుతి తప్పిన. గీ పాట తీసెయ్యి."

"నేనైతే తియ్య," అంది రెబెకా. "ఇంకోటి పెడ్త, విను."

ప్రేమ్‌చంద్ చెప్పులు వేసుకుని కొత్త హార్డ్‌డిస్క్ కోసం బజారుకు బయల్దేరాడు. ఎంతది తేవాలో అడగలేదు. ఉన్నవాటిలో పెద్దది తెచ్చాడు.