పుస్తకంలో లేని గంటసేపు

బడి వరండా ఎంత నడిచినా తరగడం లేదు, పక్కనున్న గోడలు ఒకసారి బస్సు కిటికీల్లా ఊగి మళ్లీ గోడలే అవుతున్నాయి, ఆ చివర సువార్తమ్మ టీచరు స్తంభానికి ఆనుకొని, ఒళ్లో కట్ట పెట్టుకొని గోంగూర తుంచుతోంది. చనిపోయి మూడేళ్లయిన మనిషి ఇక్కడేం చేస్తోందని నాంచారికి అనిపించనే లేదు.

"వచ్చావా? పుస్తకం ఇటు తే," అంటుంది తలెత్తకుండానే.

నాంచారి ఇస్తుంది. పిల్లలపై లైంగిక వేధింపులు జరగకుండా ఆవిడ ఒక్క బళ్లో చెప్పిన పాఠం వచ్చే నెల నుంచి మూడు వందల బళ్లకు వెళుతోంది. టీచర్లకు నేర్పే పుస్తకం రాసింది నాంచారే. ఈ సాయంత్రానికి అది ఒంగోలులో అచ్చుకు పోవాలి.

"ముట్టుకోగూడని చోట్లు చెప్పావు. వద్దని అరవడం చెప్పావు. ఎవరితో చెప్పుకోవాల్నో చెప్పావు. బాగుంది. మరి నేను కూర్చునేది ఏదే?"

"అది పాఠం కాదుగదా టీచరుగారూ."

"మరేంది, నేను కూరకు ఆకు తుంచుకోవడమా?"

ప్రతి శనివారం పాఠం అయ్యాక ఆవిడ అక్కడే గంటసేపు ఆకు తుంచుతూ కూర్చునేది. ఎవరినీ పిలిచేది కాదు, ఎవరి మొహంలోకీ చూసేది కాదు.

"పీరియడు నలభై నిమిషాలేనండీ. అన్ని బళ్లలో టీచర్లను ఊరికే కూర్చోమంటే పైవాళ్లు నవ్వుతారు."

"నవ్వనీ. నా దగ్గర నోరు విప్పిన పిల్లలు ఎంతమంది?"

"పదకొండు మంది."

"పాఠంలో చెయ్యెత్తి చెప్పినోళ్లు?"

వరండా కదులుతోంది, గోంగూర కట్ట ఎంత తుంచినా అంతే ఉంది. "ఒక్కరూ లేరు," అంటుంది నాంచారి.

"మొహంలోకి చూస్తే బిడ్డకు మాట రాదే. నా పని నేను చేసుకుంటా ఉంటే పక్కన చేరి తనూ రెండాకులు తుంచుద్ది. అప్పుడొస్తది."

బస్సు గుంతలో పడి లేచింది. నాంచారి కళ్లు తెరిచింది. పుస్తకం ఒళ్లోనే ఉంది. పక్క సీటావిడ కొంగులో చిక్కుడుకాయలు పోసుకొని ఈనెలు తీస్తోంది.

"నిద్దట్లో ఎవరితోనో వాదం పెట్టుకున్నావు తల్లీ," అంది, కాయ మీంచి చూపు తిప్పకుండా.

నాంచారి తనూ రెండు కాయలు అందుకుంది. నవ్వుతారన్న భయంతో పుస్తకంలోంచి ఏం తీసేసిందో, ఇంట్లో కూడా చెప్పని ఆ సంగతి, ఊరూ పేరూ తెలియని మనిషికి చెప్పడం మొదలుపెట్టింది.

ఒంగోలు వచ్చేసరికి కాయలు అయిపోయాయి. నాంచారి పెన్ను తీసి, నలభై నిమిషాలు అన్నది కొట్టేసి, పైన గంటా నలభై నిమిషాలని రాసింది.