కరియకు పెట్టని వాత

మా కుక్క కరియ కుంటడం మొదలుపెట్టింది వేరుశనక్కాయ పెరికే నాళ్ళలో. ఎనభైనాలుగో ఎనభైఅయిదో. మొదట కుడి ముంగాలు ఎత్తిపట్టి నడిచింది. మా అత్త రంగమ్మాళ్ కొడవలి మొన ఎర్రగా కాల్చి వాత పెట్టింది. తమిళనాట ధర్మపురి పక్కన, మా నల్లంపల్లిలో అప్పుడు ఎద్దుకైనా మనిషికైనా అదే వైద్యం. ఆమె సాకిన కుక్క. కండ్ల నీళ్ళు కారతా ఉన్నా కాల్చింది. కొన్నాళ్ళకు కుంటు పోయింది. మళ్ళీ ఎడమ వెనక్కాలు కుంటింది, మళ్ళీ వాత. అదీ పోయింది. తర్వాత ఎడమ ముంగాలికి పట్టుకొంది. ఒళ్ళు పెనం మాదిరి కాలేది, చల్లబడేది, మళ్ళీ కాలేది. తిండి ముట్టలేదు. అత్త పొయ్యిలో ఇనుము పెట్టగానే కరియ బండి కిందికి దూరింది.

"అత్తా, నొప్పి కాల్లో ఉంటే ఇట్ల కాళ్ళు మార్చుకొంటా తిరుగుతుందా?" అన్నాను.

"మరి యాడుందంటావే? నీ తలకాయలోనా?"

మా ఇంటాయన బండి కట్టినాడు. ధర్మపురి పశువుల ఆస్పత్రికి పోయినాము.

డాక్టరు కాళ్ళు ఒత్తి చూసి, రొమ్ము మీద గొట్టం పెట్టి చానాసేపు కండ్లు మూసుకొన్నాడు. కాలు చూపిస్తే రొమ్ము చూస్తాడేమని అత్త గొణిగింది. ఆయన గొట్టం నా చెవికిచ్చినాడు. గుండె దెబ్బకూ దెబ్బకూ నడుమ, ముల్లు దిగిన సైకిల్ ట్యూబు మాదిరి ఉస్సుమంటా ఉంది. గుండెలో తలుపులుంటాయంట. కంటికి కనపడని పురుగులు ఆ తలుపు మీద పుండు పెట్టినట్లుందంట. పుండు తునకలు రక్తంలో కొట్టుకుపోయి ఏ కాల్లో చిక్కితే ఆ కాలు కుంటుతుందంట. ఇది అనుమానమే, రక్తం చూస్తేనే ఖాయం అన్నాడు. వేరే వేరే కాళ్ళ నుంచి, నడుమ కొంచెం సేపు విడిచి సీసాల్లోకి రక్తం తీసి, పురుగును పెంచి చూసేదానికి మద్రాసుకు పంపాల. అంతదాకా మందు చుక్క పడకూడదు. పడితే పురుగు సీసాలో పెరగదు, ఏ మందుకు చస్తుందో తెలియదు.

ఊరికే కూర్చోవడం అత్తకు చేతకాదు. బిడ్డ ఏడిస్తే వాము, ఎద్దు దగ్గితే మిరియాలు. ఆస్పత్రి వరండాలో కరియ ఎగరొప్పుతా ఉంటే, కొంగున ముడేసి తెచ్చిన కషాయం పొడి విప్పింది. నా మొగం చూసింది. మళ్ళీ తనే ముడేసుకొంది.

కడపటి సీసా నిండినాక అత్త డాక్టరును అడిగింది. "సామీ, ఆ పురుగు నేను కాల్చిన పుండ్లలోంచే ఎక్కిందా?"

"కుంటు ముందే ఉందంటున్నారు గదమ్మా. దేనివల్లనో నేను చెప్పలేను. పుండు యాడున్నా పురుగుకు దారే. ఇంక కాల్చొద్దు."

ఆ పొద్దే మందు మొదలుపెట్టినారు. మద్రాసు నుంచి పురుగు పేరు వచ్చినాక మందు మార్చినారు. నెలకు పైన సూదులు. పట్టుకొనేది అత్తే. ఆమె చెయ్యి తగిలితే కరియ వణికేది, అయినా ఆమె విడవలేదు. జ్వరం దిగింది. ఆ ఉస్సు మాత్రం బతికినన్నాళ్ళూ ఉంటుందని డాక్టరు చెప్పినాడు.

సూదులు అయిపోయిన మరుసటి పొద్దున అత్త సంగటి ముద్ద పెట్టి, దూరంగా పోయి కూర్చొంది. కరియ అంతా తిన్నది. తిని, ఆమె దిక్కుకు రాకుండా వాకిట్లో ఎండకు పడుకొంది. నేను పిలవబోతే అత్త వద్దనింది.

"పడుకోనీలే. వచ్చినప్పుడు వస్తుంది."