హవ్వ పేరుకు అర్థం

శనివారం పొద్దున కూర మాడింది. మూత తీసి చూసిన అత్తగారు, "హవ్వ కూతుళ్లం కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది," అన్నారు. ఆ ఇంట్లో పాలు పొంగినా, చొక్కా గుండీ ఊడినా నేరం నేరుగా హవ్వ మీదికే, బైబిల్లో పండు తిన్న ఆ మొదటి ఆడమనిషి మీదికే పోయేది. ఆ రోజు కూర మాడడానికి కారణం నిజంగానే హవ్వ. పొయ్యి గట్టు మీద హీబ్రూ నిఘంటువు తెరిచి పెట్టుకుని కోడలు ఆ పేరు మూలం వెతుకుతోంది.

ఆమెను అందరూ పాస్టరమ్మ అంటారు. ఆమె, ఆమె భర్త ఒకే బైబిలు కళాశాలలో, ఒకే తరగతిలో చదివారు. హీబ్రూలో ఆమెది మొదటి స్థానం. ఆయన ఆ పరీక్ష మూడోసారికి గట్టెక్కాడు, అదీ ఆమె నోట్సు చలవ వల్ల. పెళ్లయ్యాక వేదిక ఆయనకు వచ్చింది, నోట్సు రాసే పని ఆమెకు మిగిలింది. పన్నెండేళ్లుగా ఆదివారం ప్రసంగం ఆమే రాస్తోంది. సంఘంలో పెద్దలు "పాస్టరుగారికి హీబ్రూ మంచినీళ్ల ప్రాయం" అని మెచ్చుకుంటూ ఉంటే, వెనక వరసలో పిల్లల ముక్కులు తుడుస్తూ ఆమె వినేది. మాటలన్నీ తనవే. ఆగకూడని చోట ఆగడం మాత్రం ఆయన సొంతం.

ఈసారి ఆయన 'పేర్లలో పాపం' అని వరస ప్రసంగాలు ప్రకటించాడు. మొదటిది హవ్వ.

"హవ్వ అంటే జీవం అండీ," అంది ఆమె, అద్దం ముందు దువ్వుకుంటున్న భర్తతో. "అదీ పండు తిన్నాక, శిక్ష పడ్డాక పెట్టిన పేరు. అప్పటిదాకా ఆవిడ ఉత్త 'స్త్రీ'. తప్పంతా ఆమెదే అని దేవుడికి చెప్పిన ఆదామే, అదే నోటితో 'జీవం' అని పిలిచాడు. భలే ఉంది కదా?"

"జీవం అంటే జనం ఎందుకు ఏడుస్తారు? మోసం అని రాయి."

"ఆ అర్థం యాకోబుకు చెప్తారండీ. అన్న మడిమ పట్టుకుని పుట్టాడని ఆ పేరు, తర్వాత ఆ అన్ననే మోసగించాడు."

"ఆయన మన పితరుడు, ఆయన జోలికి పోకు. ఆడవాళ్ల పేర్లలో చూడు."

"చూశాను. మూర్ఖత్వం అనే పేరు ఒకటి దొరికింది. నాబాలు."

"చూశావా! ఎవరావిడ?"

"ఆవిడ కాదండీ, అబీగయీలు మొగుడు."

దువ్వెన ఆగింది. "నీకీ మధ్య మాటలెక్కువయ్యాయి. చెప్పింది రాయి," అని ఆయన వెళ్లిపోయాడు.

ఆమె నాలుగు పేజీలు రాసింది. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలలేదు. ఇంతకాలం ఆయన పేరుతో తన చదువును పంచింది గానీ, అబద్ధం ఎప్పుడూ రాయలేదు. 'హవ్వ అంటే' అని రాసి, ఖాళీ వదిలి, తర్వాతి వాక్యానికి వెళ్లిపోయింది.

ఆదివారం హాలు నిండింది. ముందు వరసలో దర్జీ ఆవిడ, ఆమె కూతురు, కూతురి ఒళ్లో నెలన్నర పాప. ప్రసంగం అయ్యాక ఆ పాపకు పేరు పెట్టాలి. ఏం పేరో పాస్టరుగారు అడగనే లేదు. ఖాళీ దగ్గరికి రాగానే ఆయన కళ్లజోడు సర్దుకుని, "హవ్వ అంటే హీబ్రూలో మోసం," అన్నాడు గంభీరంగా.

పాప తల్లి ముఖం పాలిపోయింది. దర్జీ ఆవిడ లేచి నిలబడింది. "అయ్యగారూ, మేం పాపకు అనుకున్న పేరు అదేనండి. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?"

"మార్చుకోండమ్మా."

"కానుపుకు రెండు రోజులు పడింది దీనికి. తల్లీబిడ్డా బతికారని మొదటి తల్లి పేరు పెట్టుకుంటున్నామండి."

వెనక నుంచి పాస్టరమ్మ గొంతు వినిపించింది. తను లేచి నిలబడినట్టు అప్పుడే ఆమెకూ తెలిసింది. "మార్చొద్దు. హవ్వ అంటే జీవం."

"అమ్మగారు పొరబడ్డారు," అన్నాడు ఆయన నవ్వు తెచ్చుకుని. "నా కాగితంలో స్పష్టంగా ఉంది."

దర్జీ ఆవిడ నాలుగడుగులు వేసి కాగితం అందుకుంది. "ఇక్కడ ఏమీ లేదండి, ఖాళీ ఉంది," అంది. తర్వాత ఇంకాస్త దగ్గరగా చూసి, "ఇది అమ్మగారి చేతిరాత కదా. జాకెట్ల కొలతలు నాకు ఇలాగే రాసిస్తారు," అంది, అమాయకంగా.

ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగడం దాగలేదు. పాపకు హవ్వ అనే పేరే పెట్టారు. ఆ పేరు పలికేటప్పుడు పాస్టరుగారి గొంతు కాస్త తగ్గింది.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అత్తగారు కోడలి పక్కన కూర్చుని, మెల్లగా, "ఏమే, మరి నా పేరుకు అర్థం ఏమిటే?" అని అడిగారు. పెళ్లయిన నాటి నుంచీ ఆ పేరుతో తనను పిలిచినవాళ్లు లేరట.

"ఇంటి యజమానురాలు అని అత్తయ్యా."

అత్తగారు ఆ మాటను కాసేపు నోట్లోనే తిప్పుకున్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మంచినీళ్లు నువ్వే తెచ్చుకో," అన్నారు.

ఆయన తెచ్చుకున్నాడు. తాగి, గొంతు సవరించుకుని, "జరిగిందేదో జరిగింది. ఇక ఆడవాళ్ల పేర్లు వద్దు, వచ్చే ఆదివారం యాకోబు. రేపే మొదలుపెట్టి రాసెయ్," అన్నాడు.

"రాస్తానండీ," అంది ఆమె. "ఈసారి నేను చదవడానికి."