నీళ్లలో ముంచిన ట్రంపెట్

మంచాల ఊళ్లో సాయంత్రం ఆరింటికి పెండ్లి బరాత్. మధ్యాహ్నం రెండింటికి ఆటో ఒకటి వెనక్కి వచ్చి ట్రంపెట్ వెడల్పాటి మూతిని అప్పడంలా నొక్కేసింది. ముందుపళ్లు ఊడి ఇమ్మానుయేలు ఊదడం మానేశాక, ఆయన కూతురు స్తుతి బ్యాండు ముందు నిలబడే మొదటి రోజు ఇదే. పెదాలు వాచేదాకా ఆరు నెలలు సాధన చేసింది. సంగతి తెలిసి పెండ్లివాళ్లు మీర్‌పేట్ నుంచి వేరే అతన్ని పిలుస్తామన్నారు. నాలుగింటిదాకా ఆగమని ఇమ్మానుయేలు బతిమాలాడు.

డ్రమ్ము కొట్టే ఎల్లేశ్ కమ్మరింట్లో పుట్టినవాడు. "గింత దానికి ఫికరెందుకు" అంటూ ఇనుప సుత్తి తీశాడు. నాలుగు దెబ్బలకు సొట్ట కొంచెం లేచింది. ఐదో దెబ్బకు అంచు చీలింది. నాగలి కర్రులు సాగగొట్టిన చేతికి ఇత్తడి సంగతేం తెలుసు? స్తుతికి ఏడుపొక్కటే తక్కువ.

ముగ్గురూ ఒకే బండి మీద ఇబ్రహీంపట్నంలో ఇత్తడి బిందెలకు మాట్లు వేసే నుస్రత్ దుకాణానికి ఉరికారు.

ఆమె అంచును గోటితో మీటి చూసింది. "కొట్టి కొట్టి గట్టిజేసినవ్ అన్నా. ఇంకొక్కటి కొడితె పలిగిపోతుండె."

అతుకుల దగ్గర టంకం కరగకుండా గొట్టానికి తడిగుడ్డ చుట్టి, మూతిని మాత్రం మంటకు పట్టింది. అది మసక ఎరుపు తిరగగానే నీళ్లతొట్టి వైపు తిప్పింది.

ఎల్లేశ్ అడ్డం పడ్డాడు. "నీళ్లల్ల ముంచకక్కా, రాయైతది."

"గది ఉక్కు సంగతి. ఇది రాగి, జింకు కలిసిన ఇత్తడి. కాల్చి ముంచినా మెత్తగనే ఉంటది." నుస్రత్ స్తుతి వైపు చూసింది. "ట్రంపెట్ నీది. ముంచాల్నా, వద్దా?"

స్తుతి గోడ వైపు చూసింది. గడియారంలో మూడున్నర.

"ముంచు."

చుయ్యిమని ఆవిరి లేచింది. ఎల్లేశ్ భయపడుతూనే బొటనవేలితో నొక్కాడు. రేకు లొంగింది. "అరె, మస్తు మెత్తగుంది" అని నోరు తెరిచాడు.

నుస్రత్ చెక్క అచ్చు మీద మూతిని సాపు చేసి, చీలికకు టంకం పెట్టింది. తర్వాత చెక్క సుత్తి ఎల్లేశ్ చేతికే ఇచ్చింది. "ఇప్పుడు కొట్టు, మెల్లగ. జర గట్టిపడితెనే మంచిగ పలుకుతది." అతడు మెల్లమెల్లగా అంచు చుట్టూ కొట్టాడు.

నాలుగైంది. ఇమ్మానుయేలు ఫోన్ మోగింది. పెండ్లివాళ్లే. ఆయన ఫోన్ ఎత్తి, దాన్ని నల్లబడ్డ ట్రంపెట్ మూతి ముందు పట్టి, కూతురికి తల ఊపాడు.

స్తుతి ఊదింది. బజారు బజారంతా తిరిగి చూసింది.

 ఫోన్లో అవతలి మనిషి అడిగాడు: "ఎవరు ఊదుతున్నరు?"

"నా బిడ్డ," అన్నాడు ఇమ్మానుయేలు, ముందుపళ్లు లేని నోటితో నవ్వుతూ. "ఆరింటికి అక్కడుంటది."